కారులో ఆంప్లిఫయర్ బిగించడం, విప్పడం: ఏ వైరు ముందు, ఏ వైరు తర్వాత

దసరా దగ్గర పడేకొద్దీ వరంగల్, హనుమకొండల్లో కారు డెకరేషన్ షాపుల ముందు బండ్లు వరుస కడతాయి. ఊఫర్, ఆంప్లిఫయర్ ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఇంటి ముందే బిగించుకునేవాళ్లు కూడా ఇప్పుడు ఎక్కువయ్యారు. చేతికి కాస్త పని అలవాటున్నవాళ్లు ఎవరైనా ఇది చేసుకోవచ్చు. కానీ వైర్ల వరుస తప్పితే నష్టం మామూలుగా ఉండదు. ఆంప్లిఫయర్ ఒక్కటే పోతే అదృష్టం అనుకోవాలి. స్టీరియో కాలవచ్చు, కేబుల్ అంటుకుని బండే కాలవచ్చు.

“పన్నెండు వోల్టులే కదా, ఏమవుతుంది” అంటారు. షాక్ కొట్టదన్నది నిజమే. అయితే కారు బ్యాటరీ ప్లస్, మైనస్ నేరుగా కలిస్తే వందల ఆంపియర్ల కరెంటు పారుతుంది. మధ్యలో ఫ్యూజు లేకపోతే దాన్ని ఆపేది ఏదీ ఉండదు. పానా ఎర్రగా కాలుతుంది, ఉంగరం వేలికి అతుక్కుపోతుంది, వైరు మీది ప్లాస్టిక్ కరిగి కార్పెట్ అంటుకుంటుంది.

గుర్తుంచుకోవాల్సిన వరుసలు రెండు. బ్యాటరీ దగ్గర మైనస్ ముందు విప్పాలి, చివర బిగించాలి. ఆంప్లిఫయర్ దగ్గర ఎర్త్ (ఆంప్లిఫయర్‌ను కారు రేకుకు కలిపే వైరు) ముందు బిగించాలి, చివర విప్పాలి. రెండూ మైనస్ వైపు వైర్లే, వరుస మాత్రం తలకిందులు. చాలామంది తికమకపడేది ఇక్కడే. కారణం తెలిస్తే బట్టీ పట్టాల్సిన పని ఉండదు కాబట్టి, ఆ చోటు వచ్చినప్పుడు కారణంతో సహా చెబుతాను.

కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

ఆంప్లిఫయర్ డబ్బా మీద 2000 వాట్లు, 3000 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాన్ని పట్టించుకోకండి. లోపలి పుస్తకంలో ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే నిలకడగా ఇవ్వగలిగే వాట్లు ఎన్నో చూడండి. అది లేకపోతే ఆంప్లిఫయర్‌కు గుచ్చి ఉన్న ఫ్యూజులు చూడండి. రెండు 25 ఆంపియర్ల ఫ్యూజులుంటే అది మొత్తం 50 ఆంపియర్లకు తయారైందని అర్థం. 50ని 13.8 వోల్టులతో గుణిస్తే 690 వాట్లు. అందులో వేడిగా పోయేది పోతే స్పీకరుకు చేరేది 550 వాట్ల చుట్టుపక్కల. 3000 వాట్లు అందులోంచి ఎలా వస్తాయి?

ఆర్‌ఎంఎస్ తెలిస్తే కరెంటు లెక్క సులువు. ఊఫర్‌కు వాడే మోనో ఆంప్లిఫయర్లు ఎక్కువగా క్లాస్ డీ రకం. తీసుకున్న కరెంటులో సుమారు 80 శాతం శబ్దానికి వాడతాయి. 500 వాట్ల ఆర్‌ఎంఎస్ ఉన్నదానికి 500ని 0.8తో భాగిస్తే 625 వాట్లు, దాన్ని 13.8తో భాగిస్తే 45 ఆంపియర్లు. పాత క్లాస్ ఏబీ రకం సగం వరకు వేడిగానే పోగొడుతుంది. నాలుగు స్పీకర్లకు తలా 50 వాట్లిచ్చే ఏబీ ఆంప్లిఫయర్ 29 ఆంపియర్లు లాగుతుంది.

ఈ లెక్కను బట్టి కేబుల్ కొనాలి. బానెట్ నుంచి డిక్కీ దాకా చిన్న కారులో కూడా అయిదు మీటర్ల కేబుల్ పడుతుంది. గేజ్ నంబరు తగ్గేకొద్దీ తీగ మందం పెరుగుతుంది. అంత పొడవు 8 గేజ్ రాగి తీగలో 45 ఆంపియర్లు పారితే దాదాపు అర వోల్టు దారిలోనే పోతుంది. అదే 4 గేజ్‌లో 0.2 వోల్టు కూడా పోదు. దూరపు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి సన్న సర్వీసు వైరు లాగితే బావి దగ్గర మోటారు మూలిగినట్టే, సన్న కేబుల్ మీద ఆంప్లిఫయర్ కూడా ఆపసోపాలు పడుతుంది. 30 ఆంపియర్ల లోపు అయితే 8 గేజ్, అంతకు మించితే 4 గేజ్ తీసుకోండి.

కేబుల్ ఓఎఫ్‌సీ, అంటే అసలైన రాగిది కావాలి. చవకగా దొరికే కిట్లలో సీసీఏ ఉంటుంది. అది అల్యూమినియం తీగ మీద రాగి పూత. అదే మందంలో రాగి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా కరెంటును అడ్డుకుంటుంది. కొస గోకితే లోపల తెల్లగా కనపడుతుంది. డబ్బు లేక అదే కొనాల్సి వస్తే ఒక సైజు పెద్దది తీసుకోండి. ఇంటి వైరింగ్‌కు వాడే వైరు మాత్రం కారులో వేయొద్దు. దాని లోపలి తీగలు మందంగా ఉంటాయి, బండి అదురుకు వంపుల దగ్గర తెగుతాయి.

పెళ్లి బరాత్‌లకు డీజే బండి తయారు చేసుకునేవాళ్లకు ఒక మాట. కార్లు, చిన్న ట్రాలీలు 12 వోల్టులవి. పెద్ద లారీల్లో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి. కారు ఆంప్లిఫయర్‌ను 24కు కలిపితే అక్కడికక్కడే పోతుంది. రెండింటిలో ఒక బ్యాటరీ నుంచి మాత్రమే 12 లాగడం కూడా సరికాదు. ఒకటి ఖాళీ అవుతుంటే ఇంకొకటి ఎక్కువ చార్జ్ అయి, చివరికి రెండూ పాడవుతాయి. 24ను 12గా మార్చే కన్వర్టర్ తీసుకోవాలి.

బ్యాటరీ దగ్గర

ఉంగరం, చేతి గడియారం, కడియం, మెడలో చైను అన్నీ తీసి ఇంట్లో పెట్టండి. కారు తాళం మీ జేబులో ఉండాలి. బ్యాటరీ విప్పి మళ్లీ కలిపినప్పుడు కొన్ని కార్లలో డోర్లు వాటంతటవే లాక్ అవుతాయి. డిక్కీ స్విచ్‌తో తెరుచుకునే రకమైతే ముందే తెరిచి ఉంచండి. కొన్ని స్టీరియోలు కరెంటు పోయి వస్తే కోడ్ అడుగుతాయి. మీది అలాంటిదైతే ఆ నంబరు దగ్గర పెట్టుకున్నాకే మొదలుపెట్టండి.

ఇంజిన్ ఆపాలి. ఇది వేరే చెప్పాలా అనిపించవచ్చు. కానీ డైనమో పనిచేస్తోందో లేదో చూడడానికి ఇంజిన్ నడుస్తుండగానే టెర్మినల్ పీకే అలవాటు కొందరు పాత మెకానిక్‌లకు ఉంది. అలా పీకినప్పుడు డైనమో నుంచి వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఇప్పటి కార్లలో ఇంజిన్ కంప్యూటరే పోవచ్చు.

ఇప్పుడు మైనస్ నట్టు వదులు చేయండి. ఎక్కువ కార్లకు 10 నంబరు పానా సరిపోతుంది. మైనస్ ముందు ఎందుకంటే, కారు రేకు అంతా మైనస్‌కు కలిసే ఉంటుంది. మైనస్ అలాగే ఉంచి ప్లస్ విప్పబోతే, చేతిలోని పానా కొస బానెట్ రేకుకో ఇంజిన్‌కో తగిలిన క్షణంలో బ్యాటరీ షార్ట్ అవుతుంది. మైనస్ ముందు తీసేస్తే రేకుకు బ్యాటరీతో సంబంధం తెగిపోతుంది. ఆ తర్వాత ప్లస్ విప్పుతూ పానా ఎక్కడ తగిలినా ఏమీ కాదు. బిగించేటప్పుడు కూడా ఇదే కారణం. ప్లస్ పని పూర్తయ్యేదాకా రేకుకు బ్యాటరీతో సంబంధం ఉండకూడదు కాబట్టి మైనస్ చివర. తీసిన మైనస్ కొసను గుడ్డలో చుట్టి, జారి మళ్లీ టెర్మినల్ మీద పడకుండా పక్కకు కట్టండి.

టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే తినే సోడా నీళ్లలో కలిపి, పాత బ్రష్‌తో కడగండి. కళ్లలో పడనీయకండి, అది ఆమ్లం వల్ల వచ్చినదే.

రెండు రకాల బండ్లతో జాగ్రత్త ఎక్కువ కావాలి. మారుతి స్మార్ట్ హైబ్రిడ్ ఎర్టిగా లాంటి కార్లలో ముందు ప్యాసింజర్ సీటు కింద ఇంకో లిథియం బ్యాటరీ ఉంటుంది. బానెట్‌లోని మైనస్ తీసినంత మాత్రాన బండి మొత్తం నిర్జీవం కాదు. ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు వందల వోల్టులవి. వాటి పక్కన కూడా చెయ్యి పెట్టొద్దు. ఈ రెండు రకాలకూ కంపెనీ శిక్షణ ఉన్న మనిషి చేతే పని చేయించండి. ఏ కారులోనైనా పసుపు రంగు కనెక్టర్లు, పసుపు తొడుగు వైర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగులవి. మీటరు పుల్ల కూడా పెట్టకండి. సీటు కింద వైర్లు వేస్తుంటే మైనస్ తీసిన తర్వాత పది నిమిషాలు ఆగి మొదలుపెట్టండి.

ఆంప్లిఫయర్ ఎక్కడ పెట్టాలి

మన దగ్గర మే నెలలో బయటే 44, 45 డిగ్రీలు. రామగుండం, మంచిర్యాల వైపు ఇంకా మంట. ఎండలో ఆగిన కారు లోపల 60 దాటుతుంది. వేడెక్కితే ఆంప్లిఫయర్ తనంతట తాను ఆగిపోతుంది, చల్లబడ్డాక మళ్లీ మోగుతుంది. చాలామంది దాన్ని రిపేరు అనుకుంటారు. కార్పెట్ కింద పాతిపెట్టకుండా, నాలుగు వైపులా రెండు మూడు వేళ్ల ఖాళీ వదిలి, ప్లైవుడ్ చెక్క మీద బిగించండి. ఊఫర్ బాక్స్ మీదే బిగించొద్దు, అదురుకు లోపలి అతుకులు వదులవుతాయి. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి సంచులు డిక్కీలో వేసుకెళ్లే బండి అయితే డిక్కీ నేల మీద కంటే వెనక సీటు వీపుకు బిగించడం నయం.

స్క్రూ వేసే ముందు కారు కిందికి వంగి చూడండి. చాలా కార్లలో పెట్రోలు ట్యాంకు వెనక సీటు కిందే ఉంటుంది, బ్రేకు పైపులు కూడా అటే పోతాయి. సీఎన్‌జీ కారు డిక్కీలో సిలిండరుకు, దాని పైపుకు దగ్గర్లో రంధ్రం వేయనే వేయకండి.

ప్లస్ కేబుల్, ఫ్యూజు

కేబుల్‌ను బ్యాటరీ నుంచి వెనక్కి లాగండి, కానీ ఇంకా ఏ కొసా కలపొద్దు. ఇంజిన్‌కు, క్యాబిన్‌కు మధ్య ఉన్న రేకులోంచి లోపలికి రావాలి. అక్కడ కంపెనీ వైర్లు వచ్చే రబ్బరు గ్రొమెట్, అంటే రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు చుట్టు ఉంటుంది. దాన్ని కొంచెం చీల్చి అందులోంచే తీసుకోండి. కొత్త రంధ్రం వేయక తప్పకపోతే దానికి రబ్బరు గ్రొమెట్ తప్పనిసరిగా తొడగాలి. ఉత్త రేకు అంచు మీద కేబుల్ ఆనితే అదురుకు కొన్నాళ్లలో ప్లాస్టిక్ కోసుకుపోయి లోపలి రాగి రేకుకు తగులుతుంది. ఆంప్లిఫయర్ వల్ల కార్లు కాలడానికి ఇదొక పెద్ద కారణం.

బానెట్ లోపల ఉన్నంత మేరా ముడతల ప్లాస్టిక్ పైపులో కేబుల్ వేయండి. వేడి సైలెన్సర్ గొట్టానికి, ఫ్యాన్‌కు దూరంగా కట్టండి. పొలాల పక్కన, వడ్ల బస్తాల పక్కన బండి ఆపేవాళ్లకు ఎలుకల బెడద ఉంటుంది. ఆ పైపు కొంతవరకు అడ్డుకుంటుంది, అయినా నెలకోసారి బానెట్ ఎత్తి చూడండి.

మెయిన్ ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. ఆంప్లిఫయర్‌కే ఫ్యూజులున్నాయి కదా, ఇది ఎందుకు అని అడుగుతారు. ఆంప్లిఫయర్ మీది ఫ్యూజు ఆంప్లిఫయర్‌ను కాపాడుతుంది. బ్యాటరీ పక్కది కేబుల్‌ను కాపాడుతుంది. దారి మధ్యలో కేబుల్ రేకుకు తగిలితే కరెంటు ఆంప్లిఫయర్ దాకా రాదు, అక్కడి ఫ్యూజుకు తెలియనే తెలియదు. బ్యాటరీ పక్కది ఒక్కటే దాన్ని ఆపగలదు. డిక్కీలో అందంగా కనిపిస్తుందని మెయిన్ ఫ్యూజును వెనక పెట్టే షాపులు ఉన్నాయి. ఒప్పుకోకండి.

ఫ్యూజు విలువ ఆంప్లిఫయర్ మీది ఫ్యూజుల మొత్తానికి దగ్గరగా ఉండాలి, కేబుల్ మోయగలిగినదాన్ని దాటకూడదు. 8 గేజ్ రాగికి 60 ఆంపియర్లు, 4 గేజ్‌కు 100 ఆంపియర్లు మించొద్దు. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే ఎక్కడో తప్పుంది. పెద్ద ఫ్యూజు వేయడం, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం ఆ తప్పును మంటగా మార్చే పనులు.

ఎర్త్

నా లెక్కలో మొత్తం పనిలో సగం శ్రద్ధ ఇక్కడ పెట్టాలి. బిగించిన తర్వాత వచ్చే గోల, ఆంప్లిఫయర్ ఆగి ఆగి మోగడం, ఊఫర్ కొట్టినప్పుడు అది ఆఫ్ కావడం, ఇవి ఎక్కువసార్లు పేలవమైన ఎర్త్ వల్లే వస్తాయి.

ఎర్త్ కేబుల్ ప్లస్ కేబుల్ ఎంత మందమో అంతే మందం ఉండాలి. ప్లస్‌లో ఎంత కరెంటు వస్తుందో అంతా దీనిలోంచే తిరిగి పోవాలి. పొడవు 45 సెంటీమీటర్ల లోపు ఉంటే మంచిది. ఆంప్లిఫయర్ దగ్గర్లో కారు బాడీకే చెందిన గట్టి రేకు చూసి, ఉప్పు కాగితంతో రంగు పూర్తిగా గీకి, రేకు మెరిసేదాకా తెల్లగా చేయండి. కేబుల్ కొసకు రింగు లగ్గు క్రింపింగ్ టూల్‌తో గట్టిగా నొక్కి, నట్టు, బోల్టు, పళ్ల వాషరు వేసి బిగించండి. ఆ పైన రంగో గ్రీజో పూయండి, లేకపోతే వానాకాలం దాటేసరికి తుప్పు పడుతుంది. రేకులోకి పోయే ఒక్క స్క్రూ మీద ఆధారపడొద్దు. సీటు బెల్టు బోల్టును మాత్రం ముట్టుకోకండి. అది ప్రమాదంలో మనిషి ప్రాణం పట్టి ఉంచే బోల్టు, దాని కింద లగ్గు దూర్చితే బిగింపు మారిపోతుంది. ఒకటి కంటే ఎక్కువ ఆంప్లిఫయర్లు ఉంటే అన్నింటి ఎర్త్‌లూ ఒకే చోటికి తెండి.

బాగుందా లేదా అన్నది చేతితో లాగి చూస్తే తెలియదు. అంతా పూర్తయ్యాక పాట గట్టిగా పెట్టి, మల్టీమీటర్‌ను డీసీ వోల్టులకు తిప్పి, ఒక పుల్ల బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఆంప్లిఫయర్ ఎర్త్ స్క్రూ మీద పెట్టండి. అందకపోతే మామూలు వైరు ముక్కతో పొడిగించుకోండి. 0.2, 0.3 వోల్టు దాటితే ఎర్త్ మళ్లీ గీకి బిగించాల్సిందే.

రిమోట్, ఆర్‌సీఏ, స్పీకర్ వైర్లు

ప్లస్ కేబుల్ ఎప్పుడూ బ్యాటరీతో కలిసే ఉంటుంది కాబట్టి, ఆంప్లిఫయర్‌కు ఎప్పుడు మేల్కోవాలో చెప్పేది రిమోట్ వైరు. బయట కొన్న స్టీరియోల్లో ఇది సాధారణంగా తెల్ల గీత ఉన్న నీలం వైరు. కంపెనీ స్టీరియోలో లేకపోతే తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే ఫ్యూజు ఒకటి వెతికి, ఫ్యూజు ట్యాప్‌తో (ఉన్న ఫ్యూజు చోటు నుంచి ఇంకో వైరు తీసుకునే ముక్క) 2 ఆంపియర్ల ఫ్యూజు వేసి తీసుకోండి. రిమోట్‌ను నేరుగా ప్లస్‌కు కలిపేసి పని అయిందనిపించే వాళ్లుంటారు. ఆంప్లిఫయర్ రాత్రంతా మేలుకునే ఉంటుంది, రెండు మూడు రోజులు బండి తీయకపోతే సెల్ఫ్ తీసుకోదు.

ఆర్‌సీఏ వైర్లు, అంటే స్టీరియో నుంచి ఆంప్లిఫయర్‌కు పాట సిగ్నల్ తెచ్చేవి, ప్లస్ కేబుల్ పోయిన వైపు కాకుండా రెండో వైపు నుంచి తీసుకురండి. రెండూ పక్కపక్కన పోతే యాక్సిలరేటర్‌తో పాటు పెరిగే కీచుమనే శబ్దం స్పీకర్లలో వినపడుతుంది. దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి.

కంపెనీ స్టీరియో స్పీకర్ వైర్ల నుంచి సిగ్నల్ తీసుకుంటుంటే ఆంప్లిఫయర్‌లో హై లెవల్ ఇన్‌పుట్ (స్పీకర్ వైర్లను నేరుగా తీసుకునే చోటు) ఉందా చూసుకోండి. లేకపోతే ఆ సిగ్నల్‌ను ఆర్‌సీఏకు సరిపడేలా తగ్గించే లైన్ అవుట్ కన్వర్టర్ కావాలి. స్పీకర్ మైనస్ వైరు కదా అని దాన్ని బాడీకి కలపొద్దు. ఇప్పటి స్టీరియోల్లో ఆ మైనస్‌లో కూడా వోల్టేజీ ఉంటుంది, రేకుకు తగిలితే లోపలి చిప్ కాలిపోతుంది. వారంటీలో ఉన్న కారుకు కంపెనీ వైర్లు కోయకుండా, ఆ మోడల్‌కు దొరికే కప్లర్ తెచ్చి గుచ్చండి.

స్పీకర్ల ఓమ్‌లు, అంటే అవి కరెంటును ఎంత అడ్డుకుంటాయో చెప్పే కొలత చూసుకోండి. 4 ఓమ్‌ల కాయిల్స్ రెండు ఉన్న ఊఫర్‌ను పారలల్‌గా కలిపితే 2 ఓమ్‌లు అవుతుంది, సిరీస్‌లో 8. ఆంప్లిఫయర్ పుస్తకంలో కనీసం ఎంత అని రాసి ఉందో దాని కంటే కిందికి పోకూడదు. రెండు చానళ్లు కలిపి బ్రిడ్జ్ చేసేటప్పుడు చాలావాటికి కనీసం 4 ఓమ్‌లు ఉండాలి. ప్లస్ ఏదో తెలియని స్పీకర్‌కు పెన్సిల్ సెల్ ఒక్క క్షణం ఆనించండి. కోన్ బయటికి వస్తే సెల్ ప్లస్ తగిలిన కొసే స్పీకర్ ప్లస్.

కలిపే వరుస, మొదటిసారి ఆన్ చేయడం

బ్యాటరీ మైనస్ ఊడే ఉండాలి, మెయిన్ ఫ్యూజు బయటే ఉండాలి. ఆంప్లిఫయర్‌కు ముందు ఎర్త్ బిగించండి. తర్వాత స్పీకర్లు, ఆర్‌సీఏ, రిమోట్. చివరన ప్లస్. ఆ తర్వాత బ్యాటరీ దగ్గర ఫ్యూజు హోల్డర్ కొసను ప్లస్ టెర్మినల్‌కు కలపండి. ఒక్క తీగ పోగు కూడా స్క్రూ బయట చీలి ఉండకూడదు.

ఇప్పుడు మీటరును బీప్ శబ్దం వచ్చే చోటికి తిప్పి, ఫ్యూజు హోల్డర్‌లో ఆంప్లిఫయర్ వైపు కొసకు, కారు రేకుకు మధ్య పెట్టండి. ఒక్క క్షణం బీప్ వచ్చి ఆగితే అది ఆంప్లిఫయర్ లోపలి కెపాసిటర్, పర్వాలేదు. ఆగకుండా కూస్తుంటే ఎక్కడో షార్ట్ ఉంది, అది దొరికేదాకా ముందుకు పోకండి.

ఫ్యూజు నొక్కితే కూర్చునే రకమైతే బ్యాటరీ మైనస్ బిగించి, ఆఖరున ఫ్యూజు పెట్టండి. అప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తుంది, కెపాసిటర్లు నిండుతున్నాయి అంతే. ఆ రవ్వ బ్యాటరీ మూతి మీద కాకుండా కాస్త ఎడంగా రావడం మంచిది, ఎందుకంటే బ్యాటరీ నుంచి మండే హైడ్రోజన్ వస్తుంది. ఏఎన్‌ఎల్ లాంటి బోల్టు బిగింపు ఫ్యూజు అయితే మైనస్ తీసి ఉండగానే దాన్ని బిగించి, మూత పెట్టి, తర్వాత మైనస్ కలపండి. కరెంటు ఉన్న బోల్టు మీద పానా తిప్పకూడదు.

గెయిన్ నాబ్ పూర్తిగా తగ్గించి తాళం తిప్పండి. ఆంప్లిఫయర్ లైటు పచ్చగానో నీలంగానో వెలిగితే సరే. ఎర్రగా వెలిగితే ప్రొటెక్షన్‌లోకి పోయింది, అంటే తప్పు కనిపెట్టి తనను తాను ఆపుకుంది. వెంటనే ఆపి, స్పీకర్ వైర్లలో షార్ట్ వెతకండి.

గెయిన్ అంటే సౌండ్ పెంచే నాబ్ కాదు. స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కు ఆంప్లిఫయర్‌ను సరిపెట్టే నాబ్. స్పీకర్లు విప్పి, స్టీరియో సౌండ్ నాలుగింట మూడు వంతులు పెట్టి, ఊఫర్‌కైతే 50 హెర్ట్జ్, డోర్ స్పీకర్లకైతే 1000 హెర్ట్జ్ టెస్ట్ టోన్ మోగించండి. మీటరు ఏసీ వోల్టుల్లో ఉంచి అవుట్‌పుట్ దగ్గర చూడండి. చేరాల్సిన వోల్టేజీ, వాట్లను ఓమ్‌లతో గుణించి తీసిన వర్గమూలం. 50 వాట్లు, 4 ఓమ్‌లకు 14.1 వోల్టులు. 500 వాట్లు, 2 ఓమ్‌లకు 31.6 వోల్టులు. అక్కడ ఆపండి. చవక మీటర్లు 1000 హెర్ట్జ్ దగ్గర తప్పు చూపుతాయి కాబట్టి డోర్ స్పీకర్లకు చెవి మాట కూడా వినండి. ఊఫర్‌కు 80 హెర్ట్జ్ లో పాస్ (అంతకు కింది శబ్దాలే పోనిచ్చేది), డోర్ స్పీకర్లకు 80 హెర్ట్జ్ హై పాస్ (అంతకు పైవే పోనిచ్చేది) పెడితే మొదలుకు బాగుంటుంది.

ఇంజిన్ ఆపి పాటలు పెట్టుకునేవాళ్లు బ్యాటరీని గుర్తుంచుకోండి. చిన్న కార్లలో 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుంది. ఆంప్లిఫయర్ సగటున 15 ఆంపియర్లు తీసుకున్నా గంటకు కొంచెం పైన సగం ఖాళీ. మేడారం జాతరలో గద్దెల నుంచి దూరంగా పార్కింగ్‌లో రాత్రంతా పాటలు పెట్టుకుంటే తెల్లారి బండి నెట్టేవాళ్లను వెతుక్కోవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్ స్పీకర్లపై 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ఆంక్ష ఎలాగూ ఉంది.

విప్పేటప్పుడు

బండి అమ్మేటప్పుడో, ఆంప్లిఫయర్ రిపేరుకు ఇచ్చేటప్పుడో విప్పాల్సి వస్తుంది. బిగించేటప్పుడు ఉన్న శ్రద్ధ అప్పుడు ఉండదు. అయిదు నిమిషాల పని అనుకుంటారు, స్టీరియోలు కాలేది ఇలాంటి అయిదు నిమిషాల్లోనే.

పాట ఆపండి, స్టీరియో ఆఫ్ చేయండి, తాళం తీయండి. ఆంప్లిఫయర్ లైటు ఆరేదాకా ఆగండి. బానెట్ ఎత్తి బ్యాటరీ మైనస్ విప్పండి, తర్వాత మెయిన్ ఫ్యూజు తీయండి. రెండూ చేయాలి. విడిగా పెద్ద కెపాసిటర్ పెట్టించుకుని ఉంటే బ్యాటరీ తీసినా అందులో చార్జ్ ఉంటుంది. దాని రెండు కొసల మధ్య 12 వోల్టుల ఇండికేటర్ బల్బు పెట్టి, బల్బు ఆరేదాకా ఉంచండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి.

వెనక్కి వచ్చి, ఆంప్లిఫయర్ ప్లస్‌కు, ఎర్త్‌కు మధ్య మీటరు పెట్టి వోల్టేజీ సున్నాకు దగ్గరగా ఉందని చూసుకోండి. ముందు ప్లస్ విప్పి కొసకు టేపు చుట్టండి. తర్వాత రిమోట్, తర్వాత ఆర్‌సీఏ, తర్వాత స్పీకర్లు. ఎర్త్ ఆఖరున.

ఎర్త్ ఎందుకు ఆఖరు? ప్లస్ కలిసే ఉండగా ఎర్త్ ముందు ఊడదీశారనుకోండి. ఆంప్లిఫయర్‌లోకి వచ్చిన కరెంటుకు తిరిగిపోయే దారి మూసుకుపోయింది. అది వేరే దారి వెతుక్కుంటుంది. ఎదురుగా ఉన్నది ఆర్‌సీఏ వైరు బయటి జాలీ. అందులోంచి స్టీరియోలోకి పోయి, స్టీరియో ఎర్త్ ద్వారా బాడీకి చేరుతుంది. స్టీరియో బోర్డు మీద ఆర్‌సీఏ ఎర్త్ దారి వెంట్రుకంత సన్నది, సిగ్నల్ కోసం చేసినది. అది కాలిపోతుంది. ఆ తర్వాత స్టీరియో పనిచేస్తూనే ఉంటుంది, కానీ ఏ ఆంప్లిఫయర్ కలిపినా కీచుమనే గోల వస్తుంది. జనం ఆంప్లిఫయర్‌ను తిట్టుకుంటారు, ఆర్‌సీఏ వైర్లు మారుస్తారు. అసలు దెబ్బ స్టీరియో లోపల తగిలి ఉంటుంది.

బ్యాటరీ మైనస్ తీశాక ఈ వరుస ఎందుకు అనొచ్చు. హైబ్రిడ్ బండిలో రెండో బ్యాటరీ ఉండొచ్చు, డిక్కీలో కెపాసిటర్ నిండి ఉండొచ్చు, మీరు వెనక ఉండగా ఎవరో వచ్చి బానెట్ దగ్గర మైనస్ తగిలించొచ్చు. వరుస పాటిస్తే ఇవేవీ స్టీరియోను తాకవు.

ఆంప్లిఫయర్ తీసేశాక ప్లస్ కేబుల్‌ను డిక్కీలో టేపు చుట్టి వదిలేయడం చాలా బండ్లలో కనిపిస్తుంది. మళ్లీ పెట్టుకుంటాం కదా అంటారు. టేపు మన ఎండకు జిగురు వదిలి ఊడుతుంది. పైన జాకీయో పారో పడి రాగి తగిలితే, ఆ కేబుల్ ఇంకా బ్యాటరీకి కలిసే ఉంటుంది. కేబుల్ ఉంచాలనుకుంటే ఉంచండి, బ్యాటరీ దగ్గర కొసను మాత్రం పూర్తిగా విప్పి తీసేయండి. కారు కొనేవాళ్లు కూడా డిక్కీ కార్పెట్ ఎత్తి చూసుకోవాలి. మందపాటి ఎర్ర కేబుల్ కనిపిస్తే రెండో కొస ఎక్కడికి పోయిందో కనుక్కోండి. అంతా అయ్యాక రిమోట్‌కు వేసిన ఫ్యూజు ట్యాప్ తీసి అసలు ఫ్యూజు పెట్టండి, కోసిన స్పీకర్ వైర్లు ఉంటే మళ్లీ కలిపి గొట్టం తొడగండి, మైనస్ చివర బిగించండి. గడియారం, పవర్ విండో ఆటో సెట్టింగ్ మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు.

నీళ్లలో మునిగిన బండి సంగతి వేరు. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి వరద వచ్చినప్పుడు ఇళ్ల ముందు కార్లు సీట్ల దాకా మునిగాయి. సీటు కింద ఆంప్లిఫయర్ ఉన్న బండికి నీళ్లు చేరితే తాళం తిప్పకండి. నీరు తగ్గాక మొదట బ్యాటరీ మైనస్, తర్వాత మెయిన్ ఫ్యూజు. ఆంప్లిఫయర్‌ను పైన చెప్పిన వరుసలోనే విప్పి, మూత తీసి, మట్టి నీళ్లు కడిగి ఆరబెట్టేలా రిపేరు చేసే మనిషికి ఇవ్వండి. కార్పెట్ ఎత్తి ఎర్త్ బోల్టు తుప్పు పట్టిందేమో చూడండి, ఫ్యూజు హోల్డర్ లోపల బురద ఉంటే కొత్తది వేయండి. ఆంప్లిఫయర్ పైకి ఎండినట్టు కనిపించినా లోపలి బోర్డు పరీక్ష చేయించకుండా మళ్లీ ఫ్యూజు పెట్టొద్దు.